612 మందికి మెయిల్ పంపాను, కెనడా నుంచి ఒకాయన కంప్లైంట్ ఇస్తానంటున్నాడు

సముద్రపు_నీలం
అందరికీ నమస్కారం. విశాఖలో ఉంటాను, వాటర్ కలర్స్ వేస్తాను. భీమిలి తీరం, ఫిషింగ్ హార్బర్, వన్‌టౌన్‌లో పాత ఇళ్లు, ఇలాంటివి. వెనకాల గ్యాలరీ ఏదీ లేదు. ప్రింట్లు నేనే తీయించి, నేనే గొట్టంలో చుట్టి, స్పీడ్ పోస్టులో వేసుకుంటాను.

కొత్త సంవత్సరానికి క్యాలెండర్ చేశాను. నా దగ్గరున్న ఈమెయిళ్లన్నీ ఒక ఎక్సెల్‌లో వేస్తే 612 వచ్చాయి. ఇంతకుముందు ప్రింట్లు కొన్నవాళ్లు 148 మంది. ఎగ్జిబిషన్లలో టేబుల్ మీద పెట్టిన విజిటర్స్ పుస్తకంలో రాసినవాళ్లు 251. మిగతా 213 హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షో పెట్టిన నిర్వాహకులు "మనవాళ్లే, వాడుకోండి" అని వాట్సాప్‌లో పంపిన లిస్టు. జీమెయిల్ రోజుకు 500 దాటనివ్వదు కదా, మొదటి రోజు 500 మందికి బీసీసీలో పంపాను. రెండో రోజు నిద్రమత్తులో మిగతా 112 మందినీ సీసీలో పడేశాను. అందరి అడ్రసులూ అందరికీ కనబడ్డాయి.

అరగంటలో కెనడా నుంచి ఒకాయన అందరికీ రిప్లై కొట్టి, నా మెయిల్ నీకెవరిచ్చారు, కాసల్ కింద ఫిర్యాదు చేస్తాను అన్నాడు. ఆ కాసల్ ఏమిటో కూడా నాకు తెలీదు. విశాఖలో కూర్చున్న నాకు కెనడా చట్టం ఎలా తగులుతుంది? రెండు రోజులుగా బ్రష్ పట్టుకోలేదు.

పులిహోర_పొట్లం
సీసీలో 112 మందా!! రిప్లై ఆల్ ఎంతమంది కొట్టారు?

సముద్రపు_నీలం
పదకొండు మంది. అందులో ఇద్దరు ఒకే కాలేజీ వాళ్లట, ఇరవై ఏళ్ల తర్వాత నా మెయిల్లో కలిశారు, అక్కడే పిల్లలెంతమంది, ఎక్కడ సెటిలయ్యారు అని మొదలెట్టారు. మిగతా తొమ్మిది మందివీ తిట్లే.

మంచు_పార
టొరంటో దగ్గర ఉంటానండి, చిన్న బిజినెస్ ఉంది కాబట్టి ఈ చట్టంతో నాకు రోజూ పనే. కాసల్ అంటే కెనడా యాంటీ స్పామ్ చట్టం, 2014 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మీ ప్రశ్నకు జవాబు కాస్త చేదుగానే ఉంటుంది. పంపినవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నది కాదు, ఆ మెయిల్‌ను కెనడాలో ఉన్న కంప్యూటర్లో తెరిచారా లేదా అన్నదే వాళ్లు చూసేది. తెరిస్తే వర్తిస్తుంది.

ఇక్కడ ముందు అనుమతి ఉండాలి, తర్వాతే మెయిల్. ఆ అనుమతి రెండు రకాలు. మనిషి స్వయంగా "పంపండి" అని చెప్పడం ఒకటి, దానికి గడువు లేదు, వాళ్లు వద్దనేదాకా నడుస్తుంది. రెండోది అడక్కపోయినా ఉన్నట్టే లెక్కేసేది. మీ దగ్గర ఏదైనా కొంటే కొన్న రోజు నుంచి రెండేళ్లు, ధర ఎంత అనో ఈ సైజు ఉందా అనో అడిగితే ఆరు నెలలు. అంటే మీ 148 మందిలో కెనడా వాళ్లు రెండేళ్ల లోపు కొన్నవాళ్లైతే ఇబ్బంది లేదు. నాలుగేళ్ల కిందట ఒక్క ప్రింట్ కొని మళ్లీ కనబడనివాళ్లకు పంపడం తప్పే. వాట్సాప్ లిస్టు గురించి చెప్పేదేముంది.

ఇంకొకటి, ఇక్కడే చాలామంది జారిపడతారు. అనుమతి ఉందని నిరూపించాల్సింది పంపినవాళ్లే. ఆయన "నేనివ్వలేదు" అంటే చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట చూసి ఇచ్చాడో మీరు చూపించాలి.

జరిమానా గరిష్ఠంగా వ్యక్తులకు 10 లక్షల డాలర్లు, కంపెనీలకు కోటి. ఆ అంకె చూసి గుండె పట్టుకోకండి, అది పైహద్దు. ఆయన ఫిర్యాదు ఇస్తే వెళ్లేది స్పామ్ రిపోర్టింగ్ సెంటర్‌కి, ఒక్క మెయిల్‌కి మీ ఇంటి ముందు జీపు ఆగదు. కానీ ఇదే పని ప్రతి పండక్కీ చేస్తూ పోకూడదు.

గోడమీద_పిల్లి
ఎందుకండీ ఆవిణ్ణి భయపెడతారు. ఇండియాలో స్పామ్ మెయిల్ మీద చట్టమే లేదు. నాకు రోజూ లోన్ల వాళ్లు, ప్లాట్ల వాళ్లు, పెళ్లి సంబంధాల వాళ్లు పంపుతూనే ఉంటారు, ఎవణ్ణి ఎవడు ఏం చేశాడు? సబ్జెక్టులో "రీ: మీ ఆర్డర్" అని పెట్టి చూడు అక్కా, నూటికి తొంభై మంది తెరుస్తారు. మా బావమరిది టీషర్టులు అలాగే అమ్ముతాడు.

నల్లకోటు_నాన్ననుకాను
గోడమీద పిల్లి గారూ, మీరు సగం కరెక్ట్. నేను లాయర్ని కాను, లాయర్ ఆఫీసులో కాగితాలు చూసేవాణ్ణి, అందుకే ఈ పేరు.

ఈమెయిల్ స్పామ్ అనే పేరుతో మనకు ప్రత్యేక చట్టం లేదన్నది నిజమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల 2018 నిబంధనలు, వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లు ముందే నమోదు చేసుకోవాలన్న ఆ డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ గొడవ, అవన్నీ ఎస్ఎంఎస్‌లకూ ఫోన్ కాల్స్‌కే. ఐటీ చట్టంలో 66ఏ అని ఒకటుండేది, చికాకు పెట్టే మెయిళ్ల మాట అందులో ఉండేది, దాన్ని 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మిగతా సగం ఏమిటంటే 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, అసలు బాధ్యతలు అక్కణ్ణుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో మొదలవుతాయి. విజిటర్స్ పుస్తకం ఉన్నవాళ్లకు అందులో ఒక తమాషా ఉంది. కాగితం మీద ఉన్నంతసేపు ఆ పుస్తకం ఈ చట్టం కిందికి రాదు. అందులో ఉన్నవి ఎక్సెల్‌లో టైప్ చేసిన క్షణం నుంచి వస్తుంది. ఏ పని కోసం తీసుకుంటున్నారో నోటీసులో చెప్పాలి, ఆ పనికే వాడాలి, అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిగ్గా ఉండాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషలన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి. ఆర్టిస్టులకు ఇది బరువేమీ కాదు, రెండు వాక్యాలు.

ఇక ఆ "రీ: మీ ఆర్డర్" మాట. అమెరికాలో ఒక్క కస్టమర్ ఉన్నా అలా చేయొద్దు. మిగతా విషయాల్లో ఎంత వదులుగా ఉన్నా, మోసపు సబ్జెక్టు లైన్‌ను అక్కడి చట్టం కూడా ఒప్పుకోదు.

ఎడిసన్_ఇడ్లీబండి
అమ్మా, అమెరికా సంగతి నేను చెబుతాను. ఇక్కడి చట్టం పేరు క్యాన్-స్పామ్, 2004 జనవరి నుంచి అమలు. కెనడాకి పూర్తిగా రివర్సు. ఇక్కడ ముందు అనుమతి అక్కర్లేదు, వద్దంటే ఆపేయాలి, అంతే. ఆ ఆపడానికి మాత్రం దారి ఉండాలి. ఆ లింకు మెయిల్ పంపాక కనీసం 30 రోజులు పనిచేయాలి, వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపాలి, ఆపమన్నందుకు లాగిన్ అవ్వండి, కారణం రాయండి అని ఏడిపించకూడదు. ఇది ప్రకటన అని తెలియాలి. కింద నీ పోస్టల్ అడ్రసు ఉండాలి. తప్పు చేస్తే ఒక్కో మెయిల్‌కి 50 వేల డాలర్లకు పైనే పడొచ్చు, నువ్వు డబ్బులిచ్చి వేరేవాళ్లతో పంపించినా బాధ్యత నీదే.

సముద్రపు_నీలం
పోస్టల్ అడ్రసా? అంటే మా ఇంటి అడ్రసు 612 మందికి పంపాలా బాబాయ్ గారూ? ఒకసారి ఇన్‌స్టాలో పరిచయమైనవాడు ఒకడు "పెయింటింగ్ చూస్తాను" అని చెప్పకుండా మా వీధి చివరిదాకా వచ్చేశాడు. అమ్మ, నేనే ఉంటాం ఇంట్లో. ఆ ఒక్కటీ నా వల్ల కాదు.

ఎడిసన్_ఇడ్లీబండి
నీ భయం సబబే. నేను ఇక్కడి పోస్టాఫీసులో బాక్స్ అద్దెకు తీసుకున్నాను, అది చెల్లుతుంది. కానీ రూల్లో ఉన్న మాట అమెరికా పోస్టల్ సర్వీసులో రిజిస్టరైన బాక్స్ అని. మన ఊళ్లో పోస్ట్ బాక్స్ నంబరు దానికి సరిపోతుందని నేను హామీ ఇవ్వలేను. ఇల్లు కాకుండా నీకు ఉత్తరాలు నిజంగా అందే చోటు ఇంకేదైనా ఉందా?

కుంచె_కన్నీళ్లు
ఫ్రేమ్ షాపు అడ్రసు పెట్టేయండి అక్కా, నేనలాగే చేస్తా.

నల్లకోటు_నాన్ననుకాను
ఫ్రేమ్ షాపు ఆయనకు తెలుసా ఆ సంగతి? అక్కడికి వచ్చిన ఉత్తరం మీకు చేరుతుందా? చేరకపోతే అది అడ్రసు కాదు, అలంకారం.

సముద్రపు_నీలం
ఎంవీపీ కాలనీలో ముగ్గురం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం, వారానికి నాలుగు రోజులు అక్కడే వేస్తాను, కింద వాచ్‌మన్ ఉంటాడు, పోస్ట్ ఆయనే తీసుకుంటాడు. అది పెట్టొచ్చా?

ఎడిసన్_ఇడ్లీబండి
బ్రహ్మాండం. అదే పెట్టు. మిగతా ఇద్దర్నీ ఒక మాట అడుగు.

లీడ్స్_వాన
యూకే, యూరప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ కూడా ముందు అనుమతే, కానీ కొన్నవాళ్లకు చిన్న మినహాయింపు ఉంది. అమ్మేటప్పుడు అడ్రసు తీసుకుని ఉండాలి, పంపేది అలాంటి వస్తువుల గురించే అయ్యుండాలి, వద్దనే అవకాశం తీసుకున్నప్పుడూ ఇచ్చి ఉండాలి, ప్రతి మెయిల్లోనూ ఇవ్వాలి. ప్రింట్ కొన్నామెకు క్యాలెండర్ గురించి చెప్పడం అందులోకి వస్తుంది. మీ స్నేహితురాలి యోగా క్లాసు గురించి చెప్పడం రాదు. ముందే టిక్కు పెట్టేసిన డబ్బా కూడా అనుమతి కాదు, 2019లో యూరప్ కోర్టు తేల్చేసింది.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. మీకు ఇప్పుడొక ఆలోచన వచ్చే ఉంటుంది, "సరే, అందరికీ ఇంకో మెయిల్ పెట్టి అనుమతి అడుగుదాం" అని. ఆగండి. అది కూడా మార్కెటింగ్ మెయిలే. ఇక్కడ ఫ్లైబీ అనే విమానాల కంపెనీ, మెయిళ్లు వద్దన్నవాళ్లు 33 లక్షల మందికి "మీ వివరాలు సరిగ్గా ఉన్నాయా" అని మెయిల్ పెట్టి 2017లో 70 వేల పౌండ్ల జరిమానా కట్టింది. అదే నెలలో హోండాకి 13 వేలు పడింది, అనుమతి ఉందో లేదో తెలియనివాళ్లను మెయిల్‌తోనే అడిగినందుకు.

మంచు_పార
+1. కెనడాలో కూడా అంతే, అనుమతి అడిగే మెయిల్ కూడా వ్యాపార మెయిల్ కిందే లెక్క.

సముద్రపు_నీలం
నిజంగానే ఆ మెయిల్ డ్రాఫ్ట్ రాసి పెట్టుకున్నాను, మీరు చెప్పకపోతే రాత్రికి పంపేసేదాన్ని. మరి సీసీలో పడిన 112 మందికి సారీ కూడా చెప్పకూడదా?

లీడ్స్_వాన
సారీ చెప్పండి, తప్పకుండా. విడివిడిగా, లేదా బీసీసీలో ఒకటికి రెండుసార్లు చూసుకుని. అందులో క్యాలెండర్ లింకు ఉండకూడదు, సంతకం కింద "కొత్త కలెక్షన్ చూడండి" కూడా ఉండకూడదు. ఏం జరిగింది, మీ అడ్రసు ఇంకెవరికి కనబడింది, దయచేసి ఆ పాత మెయిల్ తీసేయండి, మీ పేరు లిస్టులోంచి తీసేశాను. నాలుగు ముక్కలు చాలు.

వీణ_తీగ
డాలస్‌లో ఉంటాను, వీణ వాయిస్తాను, సొంతంగా ఆల్బమ్ తెచ్చుకుంటున్నాను. నాదో ప్రశ్న. ఒక పాట ఉచితంగా డౌన్‌లోడ్ ఇస్తాను, బదులుగా ఈమెయిల్ అడుగుతాను. ఆ మెయిల్‌కి కచేరీల వివరాలు పంపొచ్చా? ఇంకోటి, మొన్న మరో గాయనితో కలిసి కచేరీ చేశాను, లిస్టులు ఇచ్చిపుచ్చుకుందాం అంటోంది.

లీడ్స్_వాన
పాట కోసం ఇచ్చిన మెయిల్ పాట కోసమే. కచేరీల కబుర్లకు పక్కనే ఇంకో డబ్బా, ఖాళీగా, వాళ్లే టిక్కు పెట్టుకునేలా. సగం మంది పెట్టరు. పెట్టనివాళ్లు ఎలాగూ టికెట్ కొనేవాళ్లు కాదు.

ఎడిసన్_ఇడ్లీబండి
లిస్టు ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దమ్మా. నీ మెయిల్లో ఆవిడ కచేరీ గురించి నువ్వు రాయి, ఆవిడ మెయిల్లో నీ గురించి ఆవిడ రాస్తుంది. ఇష్టమైనవాళ్లు వాళ్లే వచ్చి చేరతారు. ముఖ్యంగా, నీకు వద్దన్నవాళ్ల అడ్రసు ఇంకొకరికి ఇచ్చావంటే అది ఇక్కడ కూడా నేరుగా ఉల్లంఘనే.

గోడమీద_పిల్లి
ఇన్ని చూసుకుంటే ఇంక బొమ్మ ఎప్పుడు వేస్తారు, పాట ఎప్పుడు పాడతారు. పెద్ద పెద్ద కంపెనీలు దర్జాగా పంపుతుంటే పేద కళాకారులకే రూల్సా?

సర్వర్_గది
ఆ ఉక్రోషం నాకూ ఉంది కానీ, పిల్లి గారూ, చట్టం సంగతి అలా ఉంచండి, అంతకంటే ముందు జీమెయిల్ పట్టుకుంటుంది. అది ఏ కోర్టుకీ వెళ్లదు, మిమ్మల్ని నోరు మెదపకుండా స్పామ్‌లోకి నెట్టేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు మెయిల్ నిజంగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో బయటపడే బటన్ ఉండాలి. చిన్నవాళ్లకు అంత లేదు గానీ స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదన్నది అందరికీ. మీరు పంపిన ఆ మొదటి 500 తీసుకోండి, ఇద్దరంటే ఇద్దరు స్పామ్ బటన్ నొక్కితే 0.4 శాతం.

కాబట్టి ఆ 213 మంది వల్ల, మిమ్మల్ని ఇష్టపడి కొన్న 148 మందికి కూడా మీ మెయిల్ అందకుండా పోతుంది. నష్టం అక్కడ.

చేయాల్సింది: సొంత డొమైన్ (మీ పేరుతో వెబ్ అడ్రసు) కొనండి, ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. ఏదైనా న్యూస్‌లెటర్ సర్వీసు పెట్టుకోండి, వాళ్ల సెట్టింగ్స్‌లో ఇచ్చిన ఆ రెండు మూడు రికార్డులు, అంటే పైన చెప్పిన డీకిమ్ లాంటివి, డొమైన్‌లో పేస్ట్ చేయండి. పంపేవారి దగ్గర జీమెయిల్ అడ్రసు పెట్టి వేరే సర్వీసు నుంచి పంపకండి, దొంగ మెయిల్ అనుకుంటుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు, అడ్రసు వాళ్లే కింద పెట్టేస్తారు. చేరేటప్పుడు కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్లి, అది నొక్కితేనే లిస్టులో చేరేలా పెట్టుకోండి. మంచు పార గారు అడిగే రుజువు అదే, తేదీ, టైముతో సహా దానంతటదే నమోదవుతుంది.

వద్దన్నవాళ్లను లిస్టులోంచి పూర్తిగా చెరిపేయకండి. "పంపకూడదు" అన్న జాబితాలో ఉంచండి. చెరిపేస్తే ఆర్నెల్ల తర్వాత పాత పుస్తకంలోంచో పాత ఎక్సెల్‌లోంచో మళ్లీ మీరే ఎక్కిస్తారు. నా చేతులతో నేను చేశాను ఈ ఘనకార్యం, అదే మనిషిని మూడుసార్లు.

కుంచె_కన్నీళ్లు
విజిటర్స్ పుస్తకం సంగతి తేల్చండి. నా దగ్గర నాలుగున్నాయి.

సముద్రపు_నీలం
నేను నాది తీసి చూశాను ఇందాక. పైన గీతలు కొట్టి "పేరు, ఊరు, ఈమెయిల్, అభిప్రాయం" అని రాశాను, అంతే. మెయిళ్లు పంపుతానని ఎక్కడా లేదు. ఒకాయన అభిప్రాయం గడిలో "సముద్రం మరీ నీలంగా ఉంది" అని రాశాడు, ఆయనకు కూడా క్యాలెండర్ మెయిల్ వెళ్లింది. ఒకావిడ ఈమెయిల్ గడిలో ఫోన్ నంబరు రాసింది. ఇంకో ఇరవై దాకా అక్షరాలు అర్థం కాక నేను ఊహించి టైప్ చేసినవే, జీమెయిల్ చివర కామ్ బదులు కాన్ అని కూడా ఉన్నాయి.

నల్లకోటు_నాన్ననుకాను
ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, అభిప్రాయాల కోసం. లిస్టుకు మాత్రం అది పనికిరాదు, ముఖ్యంగా కెనడా, యూరప్, యూకే వాళ్ల విషయంలో. వచ్చే షోకి పుస్తకం రెండు చేయండి. అభిప్రాయాలకు ఒకటి, మెయిళ్లకు ఒకటి. రెండోదాని ప్రతి పేజీ పైన ఇలా రాయండి:

"కొత్త బొమ్మలు, ప్రింట్లు, ప్రదర్శనల సంగతులు నెలకోసారి ఈమెయిల్‌లో పంపుతాను. కావాలనుకుంటేనే మీ ఈమెయిల్ రాయండి. ఎప్పుడు వద్దనుకున్నా ప్రతి మెయిల్ కిందా ఉండే లింకు నొక్కితే చాలు. మీ అడ్రసు ఎవరికీ ఇవ్వను."

కింద మీ పేరు, స్టూడియో అడ్రసు, తేదీ. మొదటి పేజీలో మాత్రమే రాసి ఊరుకోకండి, ఏడో పేజీలో సంతకం పెట్టినవాళ్లకు మొదటి పేజీ కనబడదు.

పులిహోర_పొట్లం
లేదా ఒక ట్యాబ్ పెట్టి వాళ్లనే టైప్ చేయమనండి, కాన్ బాధ తప్పుతుంది.

సముద్రపు_నీలం
అప్‌డేట్. ముందు 213 తీసేశాను. ఆ లిస్టు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి ఇంకెవరికీ పంపకండి అని చెప్పాను, "అయ్యో దానికేముందమ్మా" అన్నారు, ఆ మాటలోనే ఇంకో పదిమందికి వెళ్లిపోయిందని అర్థమైంది. 112 మందికి సారీ మెయిల్ విడివిడిగా పంపాను, రెండు సాయంత్రాలు పట్టింది. 148లో ఆర్డర్ తేదీలు చూస్తే రెండేళ్లు దాటిన కెనడా వాళ్లు ఆరుగురు, వాళ్లను పక్కన పెట్టాను. యూకే వాళ్లు నలుగురున్నారు, ఆర్డర్ ఫారంలో నేను వద్దనే అవకాశం ఇవ్వలేదు కాబట్టి వాళ్లనూ తీసేశాను. పుస్తకంలోని 251 మందికి ఏమీ పంపట్లేదు, ఇన్‌స్టాలో మాత్రం "కావాలంటే ఇక్కడ చేరండి" అని ఫారం పెట్టాను, మూడు రోజుల్లో 37 మంది చేరారు, అందులో పుస్తకంలో ఉన్న పేర్లు తొమ్మిది.

అంటే 612 కాస్తా 175 అయింది. నిన్న ఆ లెక్క చూసి నిజంగా ఏడుపొచ్చింది.

కెనడా ఆయన జవాబిచ్చాడు. ఒకే లైను. "థాంక్యూ, ఫిర్యాదు ఇవ్వట్లేదు, లిస్టులో మాత్రం వద్దు." వద్దు జాబితాలో మొదటి పేరు ఆయనదే.

సర్వర్_గది
175లో ఎంతమంది కొంటారో చూడండి, 612లో ఎంతమంది కొన్నారో పోల్చండి. మెయిల్ ఎంతమంది తెరిచారన్న అంకె చూసి మురిసిపోకండి, ఐఫోన్లలో 2021 నుంచి తెరవకపోయినా తెరిచినట్టే చూపిస్తుంది. ఆర్డర్లు లెక్కపెట్టండి.

గోడమీద_పిల్లి
సరే సరే. మా బావమరిదికి చెప్పి ఆ "రీ:" తీయిస్తాను. అక్కా, క్యాలెండర్ ఇంకా ఉందా? నా మెయిల్ ఇక్కడ పెడతా, నీ లిస్టులో వేసుకో.

సముద్రపు_నీలం
వేసుకోను. ఫారం లింకు పర్సనల్ మెసేజ్‌లో పంపాను, మీరే నింపండి, కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది, అది కూడా నొక్కాలి.

గోడమీద_పిల్లి
నొక్కా. స్పామ్‌లో పడింది, తీసి నొక్కా.

సర్వర్_గది
స్పామ్‌లోనా? నీలం గారూ, డీకిమ్ రికార్డు స్క్రీన్‌షాట్ పెట్టండి.